16 నెలల పాపకు తల్లిపాలు ఇప్పుడే మాన్పించాలా, ఇంకొంత కాలం ఇవ్వవచ్చా?

ప్రశ్న: కావలి నుంచి ఒక తల్లి

అందరికీ నమస్కారం. మా పాపకు 16 నెలలు నిండాయి. ఆరు నెలలు నిండేవరకు నా పాలు తప్ప మంచినీళ్లు కూడా పట్టలేదు. ఏడో నెల రాగానే అన్నప్రాసన చేసి, బియ్యమూ పెసరపప్పూ వేయించి మరపట్టించిన ఉగ్గుతో మొదలుపెట్టి, ఏడాది వచ్చేసరికి ఇంట్లో వండినదే మెత్తగా కలిపి పెట్టడం అలవాటు చేశాము. నేను నెల్లూరులో ఒక ప్రైవేటు సంస్థలో పని చేస్తున్నాను. ఉదయం రైలుకు బయలుదేరితే తిరిగి ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరున్నర దాటుతుంది. పగలంతా పాపను చూసుకునేది మా అత్తగారే. నేను గడపలో అడుగు పెట్టగానే పాప నన్ను అంటుకుని ఇక వదలదు. పడుకునేలోగా రెండు మూడు సార్లు, రాత్రి నిద్రలో మళ్లీ రెండు మూడు సార్లు, తెల్లవారుజామున ఒకసారి పాలు తాగుతుంది. సెలవు రోజున ఇన్నిసార్లు అని చెప్పలేను.

పగలు పప్పన్నం కలిపి పెడితే నాలుగు ముద్దలు తిని తల తిప్పేస్తుంది. సాయంత్రం మాత్రం టీలో ముంచిన బిస్కట్టు ఇష్టంగా తింటుంది. మొన్న అంగన్‌వాడీలో తూచినప్పుడు 8 కిలోల 900 గ్రాములు ఉంది. ఏడాది దాటిన తరువాత తల్లిపాలలో సారం ఉండదనీ, అవి పలచబడి నీళ్లవుతాయనీ, ఆ నీళ్లతో కడుపు నింపుకోవడం వల్లనే పాప అన్నం ముట్టడం లేదనీ మా అత్తగారి అభిప్రాయం. వేపాకు పసరు రాసి వారంలో మాన్పించి, గేదెపాలు అలవాటు చేస్తే ఒళ్లు చేస్తుందని ఆవిడ అంటున్నారు. ఆవిడ మాటను నేను తేలికగా తీసుకోలేను, ఎందుకంటే పగలంతా పాప ఆకలినీ మారామునూ చూస్తున్నది ఆవిడే. పామూరు దగ్గర ఉండే మా అమ్మ మాత్రం మా తమ్ముడికి మూడో ఏడు వచ్చేదాకా పాలిచ్చానని, బిడ్డ తానే మానుతుందని, బలవంతం చేయవద్దని అంటోంది. పిల్లల వైద్యుడిని అడిగితే, రోగుల రద్దీలో "రెండేళ్ల వరకు ఇవ్వవచ్చు" అన్న ఒక్క మాటతో ముగించారు.

నా మనసులో ఉన్నది కూడా చెబుతాను. పాలు పూర్తిగా మాన్పించాలని నాకు లేదు. పగలంతా దూరంగా ఉండే నాకు, పాపకు మధ్య మిగిలిన దగ్గరితనం అదే. అయితే రాత్రి నిద్ర లేక ఉదయం రైలులో కూర్చున్నప్పుడు కళ్లు మూతలు పడుతున్నాయి. ఏడాది దాటిన బిడ్డకు తల్లిపాల వల్ల నిజంగా లాభం ఉందా? అన్నం తినకపోవడానికి నా పాలే కారణమా? మాన్పించవలసి వస్తే ఎప్పుడు, ఏ విధంగా మాన్పించాలి? అనుభవం ఉన్నవారు కాస్త వివరంగా చెప్పగలరు.

జవాబు: విశ్రాంత ఏఎన్‌ఎం, కనిగిరి ప్రాంతం

అమ్మా, ముందుగా మీ అత్తగారి మాటలో ఏది నిజమో, ఏది కాదో విడదీసి చెబుతాను, ఎందుకంటే ఆవిడ గమనించినది సరైనదే, దానికి చెప్పుకున్న కారణం మాత్రం సరైనది కాదు.

ఏడాది దాటితే తల్లిపాలు నీళ్లవుతాయన్నది వాస్తవం కాదు. తాగుతున్నంత కాలం రొమ్ములో పాలు తయారవుతూనే ఉంటాయి, వాటిలో కొవ్వు, మాంసకృత్తులు, వ్యాధి నిరోధక పదార్థాలు ఉంటూనే ఉంటాయి. చూడడానికి పలుచగా ఉన్నంత మాత్రాన సారం లేదని అనుకోకూడదు, తల్లిపాలు గేదెపాలంత చిక్కగా ఎన్నడూ కనబడవు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే ఇచ్చి, ఆ తరువాత ఇంటి ఆహారంతోపాటు రెండేళ్ల వరకు, తల్లీబిడ్డలకు ఇష్టమైతే ఆపైన కూడా కొనసాగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ చెబుతున్నాయి. మన దేశపు పిల్లల వైద్యుల సంఘం మాట కూడా ఇదే. రెండో ఏట బిడ్డకు కావలసిన శక్తిలో దాదాపు మూడో వంతు తల్లిపాల నుంచే అందుతుంది. జ్వరమో విరేచనాలో వచ్చి బిడ్డ అన్నం వైపు చూడనప్పుడు ఆ పాలు ఎంత ఆదుకుంటాయో, పల్లెల్లో తిరిగిన మాలాంటివారికి బాగా తెలుసు. తల్లికి కూడా మేలుంది. 30 దేశాల్లో జరిగిన 47 అధ్యయనాలను కలిపి పరిశీలించి 2002లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, పాలిచ్చిన ప్రతి 12 నెలలకు తల్లికి రొమ్ము క్యాన్సర్ ముప్పు 4.3 శాతం చొప్పున తగ్గుతుంది.

ఇక మీ అత్తగారి ఆందోళనలో నిజం ఎక్కడుందో చెబుతాను. తల్లిపాలలో ఇనుము చాలా తక్కువ. నెలలు నిండి పుట్టిన బిడ్డ తల్లి కడుపులో కూడబెట్టుకుని వచ్చిన ఇనుము ఆరు నెలల నాటికి తరిగిపోతుంది. అక్కడి నుంచి ఇనుము అన్నంలోనుంచి, గుడ్డులోనుంచి, మాంసంలోనుంచి, ఆకుకూరలోనుంచి రావలసిందే. కడుపు పాలతోనే నిండి అన్నం లోపలికి పోకపోతే రక్తం తగ్గుతుంది, రక్తం తగ్గిన బిడ్డకు ఆకలి మందగిస్తుంది, ఆకలి లేని బిడ్డ మళ్లీ పాలకే వస్తుంది. తినని పిల్లలను చూసినప్పుడు నేను ముందుగా అనుమానించేది ఈ చక్రాన్నే. ఇది తల్లిపాలకే కాదు, గేదెపాలకు ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది. తల్లిపాలు మాన్పించి ఆ స్థానంలో పూటకో గ్లాసు గేదెపాలు పోస్తే అన్నం మరింత తగ్గుతుందే తప్ప పెరగదు.

కనుక ముందు మార్చవలసింది పాలను కాదు, వరుసను. ముందు అన్నం, తరువాత పాలు. సాయంత్రం మీరు వచ్చేసరికి పాప ఆకలి మీద ఉంటుంది కనుక, వీలైతే మీరు చేరడానికి కొద్దిసేపటి ముందే అత్తగారు ఒక చిన్న గిన్నెడు గట్టి ఆహారం పెట్టేటట్లు చూడండి. టీ, బిస్కట్టు రెండూ మానిపించండి. టీ ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు, బిస్కట్టు ఆకలిని చంపుతుంది. ఈ వయసు బిడ్డకు రోజుకు మూడు నాలుగు సార్లు భోజనం, మధ్యలో ఒకటి రెండు సార్లు చిరుతిండి కావాలి. పూటకు ముప్పావు కప్పు నుంచి కప్పు దాకా తింటే చాలు. ఆ కాస్తలోనే బలం ఇమడాలి కనుక నీళ్లపప్పు కాక గట్టిపప్పు కలిపి, అన్నంలో ఒక చెంచా నెయ్యో నూనో వేసి, రోజూ ఒక గుడ్డు, వారానికి రెండు మూడు సార్లు ముళ్లు తీసిన కొర్రమీనో మెత్తగా ఉడికించిన కార్జమో పెట్టండి. మాంసం తినని ఇల్లైతే పెసరపప్పులో మునగాకో తోటకూరో వేసి, దించిన తరువాత నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే ఆకులోని ఇనుము బాగా ఒంటబడుతుంది. గూడూరు, పొదలకూరు నిమ్మతోటలున్న మీ వైపు నిమ్మకాయకు కరవు లేదు. చేపల పులుసు కారం లేకుండా ఒక ముక్క విడిగా తీసిపెడితే పిల్లలు ఇష్టంగా తింటారు. ఆశా కార్యకర్తను అడిగి ఇనుము, ఫోలిక్ ఆమ్లం సిరప్ తీసుకోండి. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లలందరికీ వారానికి రెండు సార్లు, ఒక్కో మిల్లీలీటరు చొప్పున ఇవ్వాలి. ఇంతచేసినా తిండి పెరగకపోతే రక్తపరీక్ష చేయించండి. అలాగే పాప నోటిలో పుండ్లు, తరచు వచ్చే విరేచనాలు లేవని వైద్యుడు ఒకసారి చూసి చెప్పాలి.

బరువు గురించి కంగారు వద్దు. 16 నెలల ఆడపిల్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో మధ్య బరువు 9.8 కిలోలు, 7.7 కిలోల కంటే తగ్గితేనే తక్కువ బరువు కింద లెక్క. మీ పాప హద్దులోనే ఉంది. ఒకరోజు తూకం కంటే నెలనెలా గీత పైకి పోతున్నదా లేదా అన్నది ముఖ్యం, కనుక మాతాశిశు సంరక్షణ కార్డులో ప్రతి నెలా రాయించండి.

మరొక సంగతి మా ప్రాంతం వారికి ప్రత్యేకంగా చెప్పాలి. మీ పుట్టిల్లు పామూరు వైపు అన్నారు. కనిగిరి చుట్టుపక్కల అనేక గ్రామాల్లో బోరునీటిలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది, మన దేశపు ప్రమాణం ఒక మిల్లీగ్రామే. తల్లి అలాంటి నీళ్లు తాగుతున్నా తల్లిపాలలోకి ఫ్లోరైడు అతి స్వల్పంగానే వస్తుంది. అదే నీటితో పాలపొడి కలిపితే ఆ ఫ్లోరైడంతా బిడ్డ కడుపులోకి పోతుంది. మరిగించినా అది పోదు సరికదా, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పాలపళ్లు రాలిన తరువాత వచ్చే ముందరి పళ్ల ఎనామెల్ ఈ తొలి సంవత్సరాల్లోనే తయారవుతుంది, పసుపుపచ్చ గారపళ్లకు పునాది పడేది అప్పుడే. మీ పుట్టింటికి వెళ్లినప్పుడు పాపకు వండడానికీ తాగడానికీ శుద్ధిచేసిన నీటినే వాడండి. ఏడాది నిండిన బిడ్డకు డబ్బా పాలతో పనిలేదు కనుక వాటి జోలికి అసలు పోవద్దు. రెండేళ్లలోపు పిల్లల పాలపొడికీ ఆహారపు డబ్బాలకూ ప్రకటనలు ఇవ్వడాన్ని 1992 నాటి చట్టం, 2003 నాటి దాని సవరణ నిషేధించడం ఊరికే జరిగిన పని కాదు.

జవాబు: నెల్లూరు, ఇద్దరు పిల్లల తల్లి

పైన ఏఎన్‌ఎం గారు చెప్పినదంతా చదివాను. మాన్పించే పద్ధతి గురించి నా అనుభవం చెబుతాను, ఎందుకంటే పుస్తకాల్లో "నెమ్మదిగా మాన్పించండి" అని ఉంటుంది గానీ ఆ నెమ్మది ఎలా ఉంటుందో ఎవరూ రాయరు.

మా రెండో బాబుకు రెండేళ్లు దగ్గరపడినప్పుడు మొదలుపెట్టాను. రోజులో వాడు తాగే పూటలన్నీ ఒక్కలాంటివి కావని ముందుగా గమనించాను. కొన్ని పూటలు ఆకలి వల్ల, కొన్ని నిద్ర కోసం, కొన్ని ఏమీ తోచక. మధ్యాహ్నం తాగేది ఏమీ తోచక తాగేదని అర్థమై, ముందు దానిని ఎంచుకున్నాను. ఆ వేళకు వాడిని తీసుకుని డాబా మీదకో పక్కింటికో వెళ్లిపోయేదాన్ని, చేతిలో ఒక అరటిపండు పెట్టేదాన్ని. నేను ఎప్పుడూ కూర్చుని పాలిచ్చే మంచం మూల ఉంది, అక్కడ కూర్చోవడం మానేశాను. తానుగా అడిగితే కాదనలేదు, అడగకపోతే నేనుగా ఇవ్వలేదు. ఆ పూట వాడి మనసులోనుంచి పూర్తిగా పోయిందని నమ్మకం కుదిరిన తరువాతనే రెండో పూట జోలికి వెళ్లాను. ఒక పూటకూ మరొక పూటకూ మధ్య కనీసం వారం ఎడం ఉంటే బిడ్డకూ మంచిది, మన రొమ్ములూ గడ్డకట్టవు.

పడుకునేముందు తాగేది, రాత్రి తాగేది చివరికి మిగిలాయి. అవే కష్టం. అక్కడ మా వారు లేకపోతే నేను చేయగలిగేదాన్ని కాదు. పాలు తాగుతూ నిద్రపోవడం అన్న జోడును విడదీయాలి. అందుకని ముందు పాలు, తరువాత పళ్లు తుడవడం, తరువాత దీపం ఆర్పి వాళ్ల నాన్న పక్కన పడుకుని కథ వినడం అన్న వరుస పెట్టాము. మొదటి రాత్రులు ఏడ్చాడు, అది దాచను. అయితే నాన్న పక్కన ఉండి ఏడ్వడానికీ, ఎవరూ లేక ఏడ్వడానికీ చాలా తేడా ఉంది. రాత్రి మెలకువ వస్తే ఆయనే లేచి గ్లాసుతో నాలుగు గుక్కల నీళ్లు పట్టి జోకొట్టేవారు. ఆ వయసు పిల్లలకు మాట అర్థమవుతుంది. "పొద్దు పొడిచాక పాలు" అని పగలే పదే పదే చెప్పి ఉంచాము, అన్నట్టుగానే తెల్లవారగానే ఇచ్చేదాన్ని. ఆ మాట నిలబెట్టుకోవడం చాలా అవసరం, ఎందుకంటే నమ్మకం కుదిరిన తరువాత అడగడమే తగ్గించాడు.

మీరు ఇప్పుడే పూర్తిగా మాన్పించనక్కరలేదని నాకు అనిపిస్తోంది. మీకు ఉన్న అసలు కష్టం నిద్ర. రాత్రి పూటలను మాత్రమే తగ్గించి, సాయంత్రం వచ్చాక ఒకసారి, పడుకునేముందు ఒకసారి, ఉదయం ఒకసారి ఉంచుకోవచ్చు కదా? ఇస్తే అంతా ఇవ్వాలి, మానితే అంతా మానాలి అన్న నియమం ఎక్కడా లేదు.

జవాబు: ఒంగోలు నుంచి

నేను మిగిలినవారికి కొంచెం భిన్నంగా చెప్పదలచుకున్నాను. మా బాబుకు 13 నెలలున్నప్పుడు నేను పాలు మాన్పించాను. ఉద్యోగంలో రాత్రి విధులు తప్పనిసరి అయ్యాయి, ఇంట్లో సహాయం లేదు, నా ఆరోగ్యం కూడా అంత బాగా లేదు. అన్నీ ఆలోచించి తీసుకున్న నిర్ణయం అది, ఇప్పటికీ అది సరైనదేనని నమ్ముతున్నాను. రెండేళ్లు అన్నది మంచి సిఫారసు, అందులో నాకు సందేహం లేదు. కానీ రెండేళ్లు నిండకుండా ఆపిన ప్రతి తల్లీ బిడ్డకు అన్యాయం చేసినట్లు మాట్లాడే బంధువులు మన ఇళ్లలో ఎంతమంది ఉంటారో, ఏడాది దాటి ఇస్తున్న తల్లిని "ఇంకా ఎన్నాళ్లు" అని నిలదీసేవారూ అంతమందే ఉంటారు. ఇద్దరి మాటా వినవలసిన పని మీకు లేదు.

ముందుగా ఆపేవారు ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి. తల్లిపాల నుంచి వచ్చే ఆ మూడో వంతు శక్తిని, మాంసకృత్తులను, కాల్షియంను మరొక చోటి నుంచి తప్పకుండా తేవాలి. మా బాబుకు ఆవుపాలూ పెరుగూ కలిపి రోజుకు 400 మిల్లీలీటర్ల చుట్టూ ఉండేటట్లు, అరలీటరు మాత్రం దాటకుండా చూశాము. అంతకు మించితే అన్నం తగ్గుతుందని వైద్యురాలు ముందే హెచ్చరించారు. సీసా వాడలేదు, గ్లాసుతోనే పట్టాము. గుడ్డు ఒక్కరోజు కూడా తప్పించలేదు. ఏడాది లోపు ఆపవలసి వచ్చేవారి సంగతి వేరు. ఆవుపాలో గేదెపాలో ప్రధానంగా పట్టడానికి ఆ వయసు తగినది కాదు కనుక వారు వైద్యుడి సలహా తీసుకుని నడుచుకోవాలి.

ఉద్యోగం చేసే తల్లులకు ఒక మాట. బిడ్డకు 15 నెలలు నిండేవరకు పాలివ్వడానికి పనివేళల్లో రెండు విరామాలు ఇవ్వాలని 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలోనే పెట్టారు. 2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు సెలవు 26 వారాలైంది, 50 మంది, అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాలన్న నియమం వచ్చింది. నేను పనిచేసిన చోట ఈ విరామాల సంగతి అడిగితే అలాంటిదేమీ లేదన్నారు, చట్టం ప్రతి తీసుకెళ్లి చూపించవలసి వచ్చింది. మీ పాపకు 15 నెలలు దాటాయి కనుక మీకు ఇది ఉపయోగపడకపోవచ్చు, కానీ ఇది చదివే మరొక తల్లికి పనికి వస్తుంది. విరామం దొరికినా కావలికీ నెల్లూరుకూ మధ్య దూరం తరగదన్నది వేరే బాధ, ఆ విరామం ఉపయోగం బిడ్డ దగ్గరలో ఉన్నవారికే.

జవాబు: ఆత్మకూరు, మనుమలున్న పెద్దావిడ

అమ్మాయీ, వేపాకు పసరు గురించి నేను చెబుతాను. మా కాలంలో అందరూ రాసేవారు. కొందరు కాకరకాయ రసం, కొందరు పసుపు పూసేవారు. మరికొందరు బిడ్డను పది రోజులు అమ్మమ్మ ఇంటికి పంపేవారు. పసరు వల్ల బిడ్డ ప్రాణానికి ముప్పు లేదు. కానీ ఆలోచించి చూడు, పుట్టినది మొదలు ఏ చోట ఆకలి తీరిందో, ఏ చోట ఏడుపు ఆగిందో ఆ చోటే ఒక్కసారిగా చేదైపోతే, మాటలు రాని బిడ్డ దానిని ఎలా అర్థం చేసుకుంటుంది? బిడ్డను దూరంగా పంపడం అంతకంటే కఠినం, పాలతోపాటు తల్లి కూడా పోయినట్లవుతుంది. మీ ఇంట్లో పాప పగలంతా నానమ్మ దగ్గర ఉంటుంది కనుక ఆ అలవాటే నీకు పెద్ద ఆసరా. నానమ్మ చేతి ముద్దకూ, నానమ్మ జోలపాటకూ అలవాటుపడిన బిడ్డను మాన్పించడానికి పసరు అక్కరలేదు.

మీ అత్తగారితో వాదించవద్దు. "పాప అన్నం తినాలన్న మీ మాట నిజం, ముందు అన్నం సంగతి చూద్దాం, పాలు మాత్రం ఒక్కసారిగా వద్దు" అని చెప్పి చూడు. పాపకు ఏమేమి పెట్టాలో ఇక్కడ రాసినది ఆవిడకు చదివి వినిపించు. వండేదీ పెట్టేదీ ఆవిడ కనుక ఆవిడకు తెలియకుండా ఏదీ కుదరదు.

పాలు ఆపిన తరువాత రొమ్ములు బిగిస్తే మల్లెపూల దండలు కట్టుకోవడం మన వైపు ఉన్న ఆచారమే. దానిని మూఢనమ్మకం అనుకోవద్దు. పాలు ఆపడానికి వాడే మాత్రతో పోల్చి ఈ మల్లెపూలను పరీక్షించి, వాటికి పాలను తగ్గించే గుణం ఉన్నదని 1988లో వైద్య పత్రికలో రాశారని డాక్టరు చదువుతున్న మా మనవరాలు చెప్పింది. అయితే ఉన్నట్టుండి ఆపవలసి వచ్చినవారికి అది అవసరం, మెల్లగా తగ్గించేవారికి ఆ బాధే ఉండదు.

మళ్లీ ప్రశ్న అడిగిన తల్లి

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఈ జవాబులన్నీ మా అత్తగారికి చదివి వినిపించాను. టీ వల్ల ఇనుము ఒంటబట్టదన్న మాట ఆవిడను ఆలోచనలో పడేసింది. ఈ రోజు సాయంత్రం బిస్కట్టు బదులు ఉడికించిన గుడ్డు పెట్టారట, సగం తిన్నది. పూర్తిగా మాన్పించే ఆలోచన ప్రస్తుతానికి విరమించుకుని, రాత్రి పూటలను తగ్గించాలని మా వారూ నేనూ అనుకున్నాము. రెండు సందేహాలు మిగిలాయి. రాత్రి పాలు తాగి పడుకుంటే పళ్లు పుచ్చిపోతాయా? వచ్చే నెలలో పుట్టువెంట్రుకలు తీయించడానికి పెంచలకోన వెళ్లాలని ఉంది, తరువాత ఎండలు ముదురుతాయి. ఈ మార్పు అంతకు ముందే మొదలుపెట్టాలా?

జవాబు: విశ్రాంత ఏఎన్‌ఎం, కనిగిరి ప్రాంతం

పళ్ల విషయంలో సీసా పాలు నోట్లో పెట్టుకుని పడుకోవడమే ఎక్కువ ప్రమాదం. తల్లిపాలైనా, ఏడాది దాటిన తరువాత రాత్రంతా పదే పదే తాగే పిల్లలకు, అందులోనూ బిస్కట్లూ తీపీ తినేవారికి, పుచ్చు వచ్చే అవకాశం పెరుగుతుంది. రాత్రి పడుకునేముందు మెత్తని చిన్న బ్రష్షుతో పళ్లు తోమడం అలవాటు చేయండి. ఫ్లోరైడు ఉన్న పేస్టు ఈ వయసుకు బియ్యపుగింజంత చాలు. మీ నీటిలో ఫ్లోరైడు ఎంత ఉందో తెలియకపోతే పేస్టు విషయం దంతవైద్యుడిని అడిగి నిర్ణయించుకోండి. రాత్రి పూటలు తగ్గించాలన్న మీ నిర్ణయం పళ్లకూ మేలే.

ప్రయాణానికి ముందు మొదలుపెట్టవద్దు. గుండు చేయించేటప్పుడు ఏడుపు, కొత్త చోటు, కొత్త మనుషులు, ఇవన్నీ కలిసిన చోట బిడ్డ తల్లినే వెతుక్కుంటుంది, అప్పుడు కాదనడం ఇద్దరికీ కష్టం. తిరిగి వచ్చి, ఇల్లు కుదుటపడిన తరువాత, జ్వరమూ జలుబూ ఏమీ లేని వారం చూసి మొదలుపెట్టండి. ముదిరిన ఎండల్లో మాత్రం పాలు పూర్తిగా ఆపే ఆలోచన పెట్టుకోవద్దు. విరేచనాలు ఎక్కువగా ఉండే కాలం అది, తల్లిపాలు తాగే బిడ్డ ఆ రోజుల్లో నీరసించిపోకుండా నిలబడుతుంది. వాయిదా వేయడం వల్ల పోయేదేమీ లేదు, రెండేళ్లకు ఇంకా నెలలున్నాయి.

పూటలు తగ్గించేటప్పుడు మీ ఒంటినీ గమనించుకోండి. రొమ్ము బిగిసి నొప్పిగా ఉంటే ఉపశమనం కలిగేంత వరకే పిండండి, పూర్తిగా పిండితే మళ్లీ అంత పాలూ ఊరతాయి. ఒకచోట ఎర్రగా, వేడిగా, గడ్డగా అనిపించి, దానితోపాటు చలిజ్వరం వస్తే ఇంట్లో కాపడం పెట్టుకుంటూ కూర్చోకుండా అదే రోజు వైద్యులకు చూపించండి. అలాంటప్పుడు పాలివ్వడం ఒక్కసారిగా ఆపకూడదు, ఆపితే గడ్డ చీము పట్టే ప్రమాదం ఉంది. పాలు తగ్గుతున్న రోజుల్లో కారణం లేకుండా దుఃఖం రావడం, చిరాకు కలగడం కొందరు తల్లుల్లో చూశాను. ఒంటిలో హార్మోన్లు మారడం వల్ల అలా జరుగుతుంది. అది వారాల తరబడి తగ్గకపోతే దాని కోసం కూడా వైద్యులను కలవాలి, సిగ్గుపడవలసిన విషయం కాదు.

ఇంకొకటి. 16 నుంచి 24 నెలల మధ్య వేయించవలసిన డీపీటీ బూస్టరు, మీజిల్స్-రుబెల్లా రెండో మోతాదు మీ పాపకు ఇంకా వేయించి ఉండకపోవచ్చు. ఆ రోజే విటమిన్ ఏ చుక్కలు, ఇనుము సిరప్ అడిగి తీసుకోండి, బరువు తూయించి కార్డులో రాయించండి. డీపీటీ వేసిన రాత్రి జ్వరం రావచ్చు కనుక, టీకా వేయించిన వారంలో ఏ పూట పాలూ తగ్గించవద్దు.